సముద్రపు లోతుల్లో కొవ్వుపొర ఎందుకు బిగుస్తుంది: చేతిలెక్క నుంచి ల్యాబ్ దాకా

బంగాళాఖాతం సగటు లోతు సుమారు 2,600 మీటర్లు. నీళ్లలో పది మీటర్లు దిగితే ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, ఒడిశాలోని గోపాలపూర్ ఒడ్డు వదిలి లోపలికి పోయేకొద్దీ అడుగున ఒత్తిడి వందల వాతావరణాలకు చేరుతుంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు డిగ్రీ పిల్లలకి ఈ మాట చెబితే ముందు వచ్చే ప్రశ్న ఇదే: "మరి అక్కడి చేప నలిగిపోదా మాస్టారూ?"

నలగదు. కణం లోపల నీరే, బయటా నీరే, రెండు వైపులా ఒకే ఒత్తిడి. గాలి ఉన్న చోటే నలుగుడు. అలాగని కణానికి ఏమీ కాదనుకుంటే పొరపాటు. దాన్ని చుట్టుకుని నాలుగైదు నానోమీటర్ల మందంలో ఒక కొవ్వుపొర ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అది బిగుస్తుంది, మందం అవుతుంది, మరీ పెరిగితే కదలిక మానేసి జెల్‌లా పేరుకుంటుంది. ఎంత ఒత్తిడికి ఎంత బిగుస్తుందో కాగితం మీదే చాలావరకు తేల్చొచ్చు. అసలు ఎందుకు బిగుస్తుందో వంటింట్లోనే చూడొచ్చు. సౌకర్యం దొరికితే ల్యాబ్‌లో కొలవొచ్చు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు చదువుకుంటూ వచ్చిన మన పిల్లలను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇంటర్ ఫిజిక్సు, కెమిస్ట్రీ గుర్తుంటే మొదటి సగం కష్టం కాదు. రెండో సగం ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లకి.

మొదటి అడుగు: ఏ ఒత్తిడి గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి

ఈ విషయంలో వచ్చే గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది. "ఒత్తిడి" అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేరువేరు సంగతులు తిరుగుతుంటాయి.

మనకు కావలసింది ద్రవస్థితిక పీడనం. నీరు అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కేది. ఇందులో పొరకి అటూ ఇటూ తేడా ఉండదు. ఉప్పునీళ్లలో వేసిన కణం ముడుచుకుపోవడం ద్రవాభిసరణ పీడనం వల్ల. అక్కడ రెండు వైపులా గాఢత తేడా ఉంటుంది, పొర సాగుతుంది లేదా ముడుచుకుంటుంది. మూడోది నీటి ఉపరితలం మీద లిపిడ్లను, అంటే కొవ్వు అణువులను, పరిచి పక్కల నుంచి నెట్టినప్పుడు కొలిచే పార్శ్వ పీడనం. పుస్తకాల్లో దీని గ్రాఫులూ మన గ్రాఫులూ ఒకేలా కనిపించి మోసం చేస్తాయి, ప్రమాణాలు చూసి వేరు చేసుకోండి. నాలుగోది గాలి ఒత్తిడి. లోతు గాలానికి పడ్డ చేపని పైకి లాగితే పొట్ట ఉబ్బి, జీర్ణాశయం నోట్లోకి పొడుచుకొస్తుంది. అది గాలితిత్తిలోని వాయువు వ్యాకోచించడం, కొవ్వుపొరతో సంబంధం లేదు. నీటి అణువుల్లాగే కొవ్వు అణువులూ చాలా కొద్దిగానే నలుగుతాయి. వాయువు మాత్రం పది మీటర్ల లోతులోనే సగానికి సగం కుదించుకుంటుంది.

మనిషిని 6,000 మీటర్ల లోతుకు దించాలని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారు చేస్తున్న మత్స్య 6000కి మందపాటి టైటానియం గోళం ఎందుకు? లోపల మనుషులు పీల్చే గాలి ఒక వాతావరణం దగ్గరే ఉండాలి, బయట 600. ఆ తేడాని గోడ మోయాలి. అదే లోతులో బతికే జీవి కణానికి మోయాల్సిన తేడా ఏదీ లేదు. దాని కష్టం వేరు: అణువులన్నీ తక్కువ చోటు పట్టే అమరికలోకి జరగాలని చూస్తాయి.

ప్రెషర్ కుక్కర్ ఉదాహరణ మాత్రం వాడొద్దు. కుక్కర్‌లో బయటికంటే అదనంగా ఉండేది సుమారు ఒక వాతావరణమే. అక్కడ క్రిములను చంపేది ఒత్తిడి కాదు, ఒత్తిడి వల్ల 120 డిగ్రీల దాకా ఎక్కిన వేడి.

ప్రమాణాల సంగతి రెండు ముక్కల్లో. 1 మెగాపాస్కల్ అంటే 10 బార్లు, సుమారు 10 వాతావరణాలు, సుమారు 100 మీటర్ల నీటి లోతు. పాత పేపర్లలో కనిపించే కిలోబార్ అంటే 100 మెగాపాస్కల్. నేను అంతటా మెగాపాస్కలే వాడతాను. ఎందుకో లెక్క దగ్గర తెలుస్తుంది.

రెండో అడుగు: కొబ్బరినూనె సీసాతో మొదలుపెట్టండి

దీన్ని దాటేసి నేరుగా సమీకరణంలోకి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లొద్దు. ఈ ఒక్క ప్రయోగం కళ్లారా చూసినవాళ్లకి మిగతాదంతా బట్టీ పట్టే పని ఉండదు.

పుష్య మాసపు చలికి మనవైపు కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. వేసవి అయితే ఫ్రిజ్ వాడండి. సన్నటి గాజు గ్లాసులో కరిగిన కొబ్బరినూనె పోసి, మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. మెల్లగా చల్లారనివ్వండి. గడ్డకట్టాక చూస్తే పైభాగం గీత కిందికి దిగి, మధ్యలో గుంట పడి ఉంటుంది. తరవాత చిన్న గడ్డ ముక్క ఒకటి తీసి, కరిగిన నూనెలో వేయండి. మునుగుతుంది. హడావిడిగా చల్లార్చి ఉంటే లోపల గాలి బుడగలు చిక్కుకుని తేలవచ్చు, అందుకే మెల్లగా చల్లార్చమన్నది. ఇప్పుడు పక్కనే గ్లాసుడు నీళ్లలో మంచుముక్క వేయండి. తేలుతుంది.

చూడాల్సింది ఈ తేడానే. నీరు గడ్డకడితే ఎక్కువ చోటు పడుతుంది, కొవ్వు గడ్డకడితే తక్కువ చోటు పడుతుంది. ఒత్తిడి ఎప్పుడూ తక్కువ చోటు పట్టే వైపే మొగ్గుతుంది. లె షటెలియర్ సూత్రం అని ఇంటర్‌లో రాసింది ఇదే. అందుకే ఒత్తిడి పెడితే మంచు మామూలు కంటే తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది, కొవ్వు మామూలు కంటే ఎక్కువ ఉష్ణోగ్రతకే గడ్డకడుతుంది. కొవ్వుపొర మీద ఒత్తిడి చేసే పని అంతా ఈ ఒక్క వాక్యం నుంచే వస్తుంది.

అదే ఫ్రిజ్‌లో కాసిని నువ్వులనూనె కూడా పెట్టి చూడండి. కొబ్బరినూనె రాయిలా అయిపోయినా ఇది జారుతూనే ఉంటుంది. కొబ్బరినూనెలో తొంభై శాతం దాకా సంతృప్త కొవ్వు ఆమ్లాలు. వాటి గొలుసులు నిటారుగా ఉండి పక్కపక్కనే ఒదుగుతాయి. నువ్వులనూనెలో ఎక్కువ భాగం అసంతృప్తాలు. ద్విబంధం ఉన్న చోట గొలుసు వంకర తిరిగి, పక్కదానితో ఒదగదు. దీన్ని గుర్తుపెట్టుకోండి. లోతు సముద్రపు జీవులు తమ పొరల్లో వాడే ముఖ్యమైన ఉపాయం ఇదే.

మూడో అడుగు: పొర కొలతలు

నూనెలో అణువులు ఎటు పడితే అటు ఉంటాయి. పొరలో అలా కుదరదు. ఫాస్ఫోలిపిడ్ అణువుకి నీటిని ఇష్టపడే తల ఒకటి, నీరంటే గిట్టని రెండు గొలుసులు. తలలు బయటికి, గొలుసులు లోపలికి పెట్టుకుని రెండు వరసలుగా నిలబడతాయి. దీనికి రెండు ముఖ్యమైన దశలున్నాయి. ద్రవదశలో గొలుసులు మెలికలు తిరుగుతూ, అణువులు పక్కలకి జారుతూ ఉంటాయి. జెల్ దశలో గొలుసులు నిటారుగా బిగుసుకుంటాయి.

ప్రయోగశాలల్లో అందరూ మొదట పట్టుకునే లిపిడ్ డీపీపీసీ. గొలుసుకి 16 కార్బన్లు, రెండూ సంతృప్తం. మామూలు ఒత్తిడిలో ఇది 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంటే జెల్ నుంచి ద్రవదశకి మారుతుంది. ద్రవదశలో ఒక్కో అణువు సుమారు 0.63 చదరపు నానోమీటర్లు ఆక్రమిస్తే, జెల్‌లో 0.48 చాలు. కానీ మొత్తం ఘనపరిమాణం తగ్గేది నాలుగు శాతమే. పాదం కింద చోటు పావు వంతు తగ్గి, ఘనపరిమాణం నాలుగు శాతమే తగ్గిందంటే ఆ మిగిలింది ఎత్తులోకి పోయిందన్నమాట. పలాస నుంచి బరంపురం వచ్చే పాసింజరులో కాళ్లు చాపుకుని కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడినట్టు. నేల తక్కువ పడుతుంది, వరస ఎత్తవుతుంది.

అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కినా పొర ఒక దిశలో సన్నబడి మరో దిశలో మందం అవుతుందంటే మొదట నమ్మబుద్ధి కాదు. దశ మారకముందే, ద్రవదశలో ఉండగానే కూడా ఇది మొదలవుతుంది. గొలుసుల మెలికలు విప్పుకుంటాయి, అణువులు దగ్గరవుతాయి, పక్కకి జారే వేగం తగ్గుతుంది, నీరూ అయాన్లూ పొర దాటడం కష్టమవుతుంది. దశ మార్పు ఈ వరసలో చివరి మెట్టు మాత్రమే.

నాలుగో అడుగు: వాలు లెక్క కట్టండి

ఇక కాగితం తీయండి. ఒత్తిడి పెరిగేకొద్దీ కరిగే ఉష్ణోగ్రత ఎంత చొప్పున పెరుగుతుందో చెప్పేది క్లాసియస్-క్లాపెరాన్ సంబంధం. మాటల్లో రాస్తే:

వాలు = కరిగే ఉష్ణోగ్రత (కెల్విన్‌లో) × కరిగితే పెరిగే ఘనపరిమాణం ÷ కరగడానికి పట్టే ఉష్ణం

డీపీపీసీకి అంకెలు వేద్దాం. 41 డిగ్రీల సెల్సియస్ అంటే 314 కెల్విన్. కరిగితే గ్రాముకి సుమారు 0.037 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఒక మోల్ బరువు 734 గ్రాములు, కాబట్టి మోల్‌కి 27 మిల్లీలీటర్లు. కరగడానికి పట్టే ఉష్ణం మోల్‌కి సుమారు 36 కిలోజౌళ్లు, అంటే 36,000 జౌళ్లు.

మెగాపాస్కల్ వాడమన్నది ఇందుకే: ఒక మిల్లీలీటరుని ఒక మెగాపాస్కల్‌తో గుణిస్తే సరిగ్గా ఒక జౌల్. మార్పిడి గుణకాలు వెతుక్కునే పని లేదు. 314ని 27తో గుణించి 36,000తో భాగిస్తే 0.235 వస్తుంది. అంటే ఒక్కో మెగాపాస్కల్‌కి కరిగే ఉష్ణోగ్రత 0.235 డిగ్రీలు పెరగాలి. ప్రయోగాల్లో వచ్చేది 0.22 దగ్గర. మూడు గుండు అంకెలతో కట్టిన లెక్క ప్రయోగానికి ఇంత దగ్గరగా రావడం తక్కువ విషయం కాదు. దశ మార్పు సమయంలో ఘనపరిమాణమే అసలు పాత్రధారి అని దీన్నిబట్టి ధైర్యంగా చెప్పొచ్చు.

ఇంకో విశేషం. గొలుసు పొడవు మారినా, తల మారినా, సంతృప్త లిపిడ్లకి ఈ 0.22 పెద్దగా మారదు. ఒక గొలుసులో ఒకే ద్విబంధం ఉన్న పీఓపీసీకి కూడా దాదాపు ఇంతే. రెండు గొలుసుల్లోనూ ద్విబంధం ఉన్న డీఓపీసీకి మాత్రం బాగా తగ్గి 0.14 దగ్గర ఉంటుంది. వంకర గొలుసులు గడ్డకట్టినా అంత బాగా ఒదగలేవు, కాబట్టి ఒత్తిడికి దొరికే లాభమూ తక్కువే.

చేతిలో ఉంచుకోవాల్సిన అంకెలు ఇవి, అన్నీ ఉజ్జాయింపు. (డీఎస్పీసీ, డీఎంపీసీ కూడా డీపీపీసీ లాంటి సంతృప్త లిపిడ్లే, గొలుసుకి వరసగా 18, 14 కార్బన్లు.) మామూలు ఒత్తిడిలో కరిగే ఉష్ణోగ్రత డీఎస్పీసీకి 55 డిగ్రీలు, డీపీపీసీకి 41, డీఎంపీసీకి 24, పీఓపీసీకి సున్నాకి రెండు మూడు డిగ్రీలు కింద, డీఓపీసీకి సున్నాకి 17–18 డిగ్రీలు కింద.

ఇప్పుడు మీరే ఒకటి చేయండి. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, పొర డీఎంపీసీది. ఎంత ఒత్తిడికి గడ్డకడుతుంది? తేడా 6 డిగ్రీలు, 0.22తో భాగిస్తే 27 మెగాపాస్కల్. లోతులో చెప్పాలంటే 2,700 మీటర్లు, ఇంచుమించు బంగాళాఖాతం సగటు లోతు. ప్రాజెక్టు చేసేవాళ్లకి డీఎంపీసీ ఎంచుకోమని చెప్పడానికి నాకున్న ముఖ్యమైన కారణం ఇదే. మనవైపు గది ఉష్ణోగ్రతలోనే, చేతి పంపుతో అందే ఒత్తిడిలోనే దశ మార్పు కనిపిస్తుంది.

అయిదో అడుగు: అదే లెక్కతో సముద్రంలోకి దిగండి

లోతులో ఒత్తిడి ఒక్కటే కాదు, చలి కూడా ఉంటుంది. గోపాలపూర్ దగ్గర పైనీరు వేసవిలో 28–30 డిగ్రీలుంటే, వేల మీటర్ల కింద రెండు మూడు డిగ్రీలే. పొరకి ఈ రెండూ ఒకే దిశలో తోస్తాయి. ఎంత ఒత్తిడి ఎంత చలికి సమానమో చెప్పే వాడుక సూత్రం ఒకటుంది: 100 మెగాపాస్కల్ ఒత్తిడి, పొర బిగువు విషయంలో 13 నుంచి 21 డిగ్రీలు చల్లబరిచినదానికి సమానం. మన వాలు 100 మెగాపాస్కల్‌కి 22 డిగ్రీలు ఇస్తోంది, దానికి దగ్గరే. మిశ్రమ పొరల్లో అది కొంచెం తగ్గుతుంది.

ప్రపంచంలోనే అతి లోతైన చోటు, పసిఫిక్‌లోని మేరియానా అగాధం అడుగు, సుమారు 10,900 మీటర్లు. ఒత్తిడి దాదాపు 110 మెగాపాస్కల్, నీరు రెండు డిగ్రీల దగ్గర. అక్కడ పీఓపీసీతో పొర కట్టుకుంటే దాని కరిగే ఉష్ణోగ్రత 110 × 0.21, అంటే 23 డిగ్రీలు పైకి జరిగి ఇరవై దగ్గరికి చేరుతుంది. చుట్టూ నీరు రెండు డిగ్రీలు. పొర ఎప్పుడో గడ్డకట్టి ఉంటుంది. డీఓపీసీతో అయితే? 110 × 0.14 అంటే 15 డిగ్రీలు. మైనస్ 17 నుంచి మైనస్ 2కి వస్తుంది. అంచు మీదే అయినా ద్రవంగానే ఉంటుంది. ఒక్క ద్విబంధం ఎక్కువైనందుకు ఇంత తేడా.

జీవులు చేసేదీ ఇదే. సులు సముద్రంలో 2,500 మీటర్ల లోతు నుంచి తెచ్చిన ఫోటోబాక్టీరియం ప్రొఫండమ్ అనే బాక్టీరియా రకం ఒకటుంది. 28 మెగాపాస్కల్ దగ్గర, 15 డిగ్రీల్లో బాగా పెరుగుతుంది. ఒత్తిడి పెంచేకొద్దీ అది తన పొరలో అసంతృప్త కొవ్వు ఆమ్లాల వాటా పెంచుకుంటుంది. పరిస్థితి మారినా పొర జిగట మారకుండా కూర్పు సర్దుకునే ఈ గుణాన్ని 1974లో ఈ-కోలై అనే బాక్టీరియా మీద ఉష్ణోగ్రత మార్చి చూసినప్పుడు మొదటిసారి స్పష్టంగా గుర్తించారు.

కానీ జిగట ఒక్కటే సరిపోదని 2024లో కాంబ్ జెల్లీల మీద వచ్చిన పరిశోధన చూపించింది. ఈ జెల్లీలు పారదర్శకంగా ఉండే మెత్తటి సముద్ర జీవులు. కొన్ని పైనీళ్లలో, కొన్ని వేల మీటర్ల కింద ఉంటాయి. లోతువాటి పొరల్లో ప్లాస్మాలోజన్లనే లిపిడ్లు విపరీతంగా ఉన్నాయి. వీటి ఆకారం తల దగ్గర ఇరుకు, తోకల దగ్గర వెడల్పు, కాబట్టి పొరని వంచాలని చూస్తాయి. ఒత్తిడి గొలుసులను నిటారుగా చేసి ఆ వంపుని చంపుతుంది. లోతులో ఈ రెండూ సరితూగి పొర మామూలుగా ఉంటుంది. అదే జెల్లీని పైకి తెస్తే నొక్కిపట్టే ఒత్తిడి ఉండదు, లిపిడ్లు వంపు తిరిగి రెండు వరసల అమరికే చెదిరిపోగలదు. లోతు జెల్లీలు పైకి తేగానే చేతిలో కరిగిపోయినట్టు విచ్చిపోవడానికి ఇదే కారణం కావచ్చని ఆ పరిశోధకుల వాదన. ఈ-కోలై చేత ప్లాస్మాలోజన్లు తయారు చేయిస్తే దానికి ఒత్తిడిని తట్టుకునే శక్తి పెరిగింది కూడా. నా మట్టుకు, గత పదేళ్లలో ఈ రంగంలో వచ్చినవాటిలో ఇది అందరూ చదవాల్సిన పని. ద్రవత్వం ఒక్కటే చూసే అలవాటు మాన్పిస్తుంది.

లెక్క కట్టే అలవాటు ఉంటే ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది. హీలియం కలిపిన గాలితో 150 మీటర్లు దాటి దిగే గజ ఈతగాళ్లకి చేతులు వణుకుతాయి, తల తిరుగుతుంది. దీన్ని పొర గడ్డకట్టడానికి ముడిపెట్టాలనిపిస్తుంది. 150 మీటర్లంటే 1.5 మెగాపాస్కల్. 0.22తో గుణిస్తే 0.33 డిగ్రీలు. జ్వరం వస్తే శరీరం అంతకంటే ఎన్నో రెట్లు మారుతుంది. కాబట్టి కారణం అంత సూటిగా పొర కరిగే ఉష్ణోగ్రతలో ఉండదు, నాడీకణాల ప్రోటీన్ల వైపు చూడాలి. సారాయి నీళ్లలో స్పృహ తప్పిన తోకకప్పలు వంద వాతావరణాలు దాటి ఒత్తిడి పెంచగానే మళ్లీ ఈదాయని 1950లో తేలినప్పుడు, మత్తు పొరని వదులు చేస్తే ఒత్తిడి బిగించిందని చక్కగా వివరణ ఇచ్చారు. వినడానికి బాగుంటుంది. తరవాతి కాలంలో మత్తు నేరుగా ప్రోటీన్లకే అంటుకుంటుందన్న సాక్ష్యం బలపడింది.

కొలెస్ట్రాల్ గురించి ఒక్క మాట. మూడో వంతు దాకా కలిపితే దశ మార్పు మసకబారి, ఇంకా పెంచితే కనిపించకుండా పోతుంది. పొర ఒత్తిడికి అంతగా ఉలకదు. మొదటి ప్రయోగంలో దాన్ని కలపకండి.

ఆరో అడుగు: లైపోజోములు తయారు చేసుకోవడం

లైపోజోములంటే కొవ్వుపొర చుట్టుకున్న అతి చిన్న నీటి సంచులు. చేసే పద్ధతి పాతదే. డీఎంపీసీని క్లోరోఫామ్‌లో కరిగించి గుండ్రటి ఫ్లాస్కులో వేసి, నైట్రోజన్ ఊదుతూ తిప్పితే గోడకి పల్చటి పొరలా అంటుకుంటుంది. మిగిలిన క్లోరోఫామ్ పోవడానికి కొన్ని గంటలు వాక్యూమ్‌లో ఉంచండి. ఇక్కడ తొందరపడొద్దు, క్లోరోఫామ్ ఏమాత్రం మిగిలినా కరిగే ఉష్ణోగ్రత కిందికి జారుతుంది. తరవాత కరిగే ఉష్ణోగ్రత కంటే పది డిగ్రీలు పైన, డీఎంపీసీకి 35 దగ్గర, బఫర్ పోసి బాగా కుదపండి. పాలలా అవుతుంది. నాలుగైదు సార్లు గడ్డకట్టించి కరిగించండి. ఆపైన 100 నానోమీటర్ల రంధ్రాలున్న పాలికార్బోనేట్ వడపోత గుండా పదిపదిహేను సార్లు అటూ ఇటూ నెట్టండి, ఇది కూడా వెచ్చగా ఉండగానే.

బఫర్ ఎంపిక చిన్న విషయంలా కనిపిస్తుంది. ల్యాబ్‌లో ఫాస్ఫేట్ బఫర్ సిద్ధంగా ఉంటుంది, చేయి దానిమీదికే పోతుంది. అయితే ఒత్తిడికి ఫాస్ఫేట్ పీహెచ్ పడిపోతుంది, 100 మెగాపాస్కల్‌కి సుమారు 0.4. ట్రిస్ బఫర్‌ని ఒత్తిడి దాదాపు కదిలించదు. కాకపోతే దాని పీహెచ్ ఉష్ణోగ్రతకి డిగ్రీకి 0.03 చొప్పున మారుతుంది, కాబట్టి పని చేయబోయే ఉష్ణోగ్రతలోనే సరిచూసుకోండి. డీఎంపీసీకి ఏడు దగ్గర పీహెచ్ పెద్ద లెక్క కాదు గానీ, రేపు విద్యుదావేశం ఉన్న లిపిడ్‌తో చేస్తే ఇది మొత్తం ఫలితాన్నే తలకిందులు చేస్తుంది.

ఏడో అడుగు: దేనితో కొలవాలి

భంజ విహార్‌లోని విశ్వవిద్యాలయంలోనో, బరంపురం ఐసర్‌లోనో చదివేవాళ్లకి ఫ్లోరిమీటరు (వెలుగు వేస్తే రంగు తిరిగి ఇచ్చే మెరుపుని కొలిచే యంత్రం) అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ప్రెషర్ సెల్ వేరు సంగతి. మందపాటి ఉక్కు దిమ్మె, అందులో క్వార్ట్జ్ లేదా నీలమణి కిటికీలు, పంపు. ఇది ఏ ఊళ్లోనైనా అరుదే, అడిగి వెతుక్కోవాల్సిందే. లేత్ మీద మీరే చేయించుకుందామనే ఆలోచన వద్దు. కిటికీ బిగింపులో చిన్న లోపం చాలు, గాజు ముక్కలు తూటాల్లా వస్తాయి.

రంగుగా లార్డాన్ వాడండి. 500 లిపిడ్ అణువులకి ఒకటి చాలు. 350 నానోమీటర్ల దగ్గర వెలుగు వేస్తే, జెల్ దశలో 440 దగ్గర, ద్రవదశలో 490 దగ్గర ఎక్కువగా మెరుస్తుంది. రెండు తీవ్రతల తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకే సామాన్యీకృత ధ్రువణం. జెల్‌లో సగం దగ్గర ఉంటుంది, ద్రవంలో సున్నా దాటి కిందికి పోతుంది. పుస్తకాల్లో డీపీహెచ్ అనే రంగుతో ధ్రువణం కొలిచే పద్ధతి ఎక్కువ కనిపిస్తుంది. నేనైతే దాన్ని మొదటి ఎంపికగా చెప్పను. ఒత్తిడికి సెల్ కిటికీలే కాంతి ధ్రువణాన్ని చెదరగొడతాయి, దాన్ని సరిచేయడం వేరే తలనొప్పి. లార్డాన్‌కి ఆ బాధ లేదు. ఏ రంగూ లేకపోతే ఉత్త మబ్బుదనం కొలిచినా పని జరుగుతుంది: గడ్డకట్టేటప్పుడు కాంతి చెదరడం పెరుగుతుంది. అప్పుడు వడపోత పట్టకుండా పాల రంగు ద్రావణమే వాడండి.

ఎనిమిదో అడుగు: పరుగు

మొదట ఒత్తిడి లేకుండా, ఉష్ణోగ్రత మాత్రమే 15 నుంచి 40 డిగ్రీల దాకా మారుస్తూ ఒక పరుగు, అంటే ఒక వరస కొలతలు, తీయండి. 24 దగ్గర నిట్టనిలువు మార్పు రావాలి. రాకపోతే లిపిడ్ పాతబడి ఉంటుంది, లేదా క్లోరోఫామ్ మిగిలి ఉంటుంది. దాన్ని సరిచేసేదాకా పంపు జోలికి వెళ్లొద్దు.

తరవాత సెల్‌లో నమూనా నింపండి. ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. నొక్కే ద్రవం నమూనాలో కలవకుండా మధ్యలో టెఫ్లాన్ పిస్టనో, సాగే పొరో ఉండాలి. ఒత్తిడి పెట్టడానికి నీరో ఆల్కహాలో వాడాలి గానీ వాయువు ఎప్పుడూ వద్దు. 100 మెగాపాస్కల్ దగ్గర ఒక మిల్లీలీటరు నీటిలో దాగి ఉండే శక్తి రెండు జౌళ్ల పైచిలుకు మాత్రమే. వాయువులో అది ఎన్నో రెట్లు. కిటికీకి ఎదురుగా ముఖం పెట్టకండి, కళ్లద్దాలు తీయకండి.

సెల్‌ని 30 డిగ్రీల దగ్గర నిలబెట్టి, అయిదేసి మెగాపాస్కల్ చొప్పున 60 దాకా ఎక్కించండి. ఒక్కో మెట్టు దగ్గర అయిదు నుంచి పది నిమిషాలు ఆగండి. నొక్కితే ద్రవం వేడెక్కుతుంది. నీరు 100 మెగాపాస్కల్‌కి రెండు మూడు డిగ్రీలు, కొవ్వులు అంతకు రెండు మూడింతలు. వాలు 0.22 కాబట్టి, ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ తప్పు ఒత్తిడిలో నాలుగున్నర మెగాపాస్కల్ తప్పుతో సమానం. ఖరీదైన ప్రెషర్ గేజ్ కంటే మంచి థర్మోస్టాట్ మీద డబ్బు పెట్టడం తెలివి. థర్మోకపుల్ బయటి ఉక్కుకి కాకుండా నమూనాకి వీలైనంత దగ్గరగా ఉండాలి.

27 దగ్గర లార్డాన్ అంకె పైకి ఎగరాలి. తరవాత అదే మెట్లలో కిందికి దిగండి. దిగేటప్పటి వక్రం ఎక్కేటప్పటిదానికి కాస్త పక్కకి పడితే కంగారు పడొద్దు. జెల్ ఏర్పడటానికి, విడిపోవడానికి సమయం పడుతుంది. మెట్టు మీద ఆగే కాలం రెట్టింపు చేసి మళ్లీ తీయండి. తేడా తగ్గితే అది మీరు ఆగకపోవడం వల్ల వచ్చింది. తగ్గకపోతే రంగు పాడైందా, నమూనాలోకి బయటి ద్రవం చొరబడిందా చూడండి. దిగి వచ్చాక మొదటి బిందువు మొదట్లో ఉన్న చోటికే రావాలి. రాకపోతే ఆ పరుగు లెక్కలోకి తీసుకోవద్దు.

27, 30, 33, 36 డిగ్రీల దగ్గర ఇదే చేసి, ఒక్కోదానికీ మార్పు జరిగిన ఒత్తిడి రాసుకోండి. లెక్క ప్రకారం 14, 27, 41, 55 మెగాపాస్కల్ దగ్గర రావాలి. ఉష్ణోగ్రతని నిలువు గీత మీద, ఒత్తిడిని అడ్డగీత మీద పెట్టి నాలుగు బిందువులూ గుర్తిస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు 0.20కి 0.24కి మధ్య ఉంటే పని బాగున్నట్టే. రేఖని వెనక్కి పొడిగిస్తే సున్నా ఒత్తిడి దగ్గర 24 తగలాలి. వాలు సరిగ్గా వచ్చి ఈ అంకె తప్పితే థర్మోకపుల్‌ని అనుమానించండి. అంకె సరిగ్గా వచ్చి వాలు తప్పితే గేజ్‌ని.

వంద మెగాపాస్కల్ దాటి బాగా పైకి వెళ్లగలిగే సెల్ దొరికినవాళ్లకి ఇంకో విచిత్రం కనిపించవచ్చు. డీపీపీసీలో ఒక వరస గొలుసులు ఎదుటి వరస గొలుసుల సందుల్లోకి చొచ్చుకుపోయి, పొర ఒక్కసారిగా పల్చబడుతుంది. 1986లో న్యూట్రాన్ వివర్తనంతో దీన్ని పట్టుకున్నారు. అంతదాకా ఒత్తిడితో మందం అవుతూ వచ్చిన పొర అక్కడ దిశ మారుస్తుంది. లార్డాన్ ఈ దశలో సూటిగా చెప్పదు, ఎక్స్-కిరణాలో న్యూట్రాన్లో కావాలి.

ఇక చిలికా రొయ్యల వ్యాపారంతో సంబంధం ఉన్న ఇళ్ల పిల్లలు అడిగే ప్రశ్న: ఒత్తిడితో రొయ్య పాడవకుండా ఉంచొచ్చా? ఉంచుతారు. వేడి చేయకుండా 400 నుంచి 600 మెగాపాస్కల్ కొన్ని నిమిషాలు పెడితే చాలా బాక్టీరియా చస్తాయి. వాటి పొర దెబ్బతినడం అందులో ఒక కారణం, ప్రోటీన్లు చెదరడం మరొకటి. బీజాంశాలు మాత్రం దీనికి లొంగవు, అందుకే అలాంటి సరుకునీ చల్లగానే దాచాలి. అంత ఒత్తిడి దగ్గర మన సరళరేఖని పొడిగించి లెక్క చెప్పొద్దు. వాలు వంగిపోతుంది, రొయ్యలో ఉండేది ఒక్క లిపిడ్ కూడా కాదు.